ఫినాయిల్ ఎవరూ అడగలేదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పాఠకుల పేజీలో విజయనగరం నుంచి ఒక విశ్రాంత బ్యాంకు అధికారి రాసిన లేఖ చదివాను. వైద్యం, చదువు ఊరికే దొరుకుతుంటే జనం అవసరం ఉన్నా లేకపోయినా ఎగబడుతున్నారనీ, ఓపీ చీటీకి 20 రూపాయలు, బడిపిల్లకి నెలకి 100 రూపాయలు పెడితే అసలు రోగులెవరో అసలు విద్యార్థులెవరో తేలిపోతారనీ ఆయన అభిప్రాయం. చివర్లో ఒక విసురు కూడా విసిరారు. ఉచితమంటే మనవాళ్ళు ఫినాయిలైనా తాగుతారట.

ఫినాయిల్ సంగతి నాకు బాగా తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో నాలుగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కలిపి 34 ఏళ్ళు ఫార్మసిస్టుగా చేసి 2020లో రిటైరయ్యాను. మందుల గది తాళంచెవి నా కొంగునే ఉండేది. కింద అరలో ఫినాయిల్ డబ్బాలు, బ్లీచింగ్ బస్తాలు. పై అరల్లో మందులు. ఇన్నేళ్ళలో నా కిటికీ దగ్గరికొచ్చి ఫినాయిల్ కావాలన్న మనిషి ఒకే ఒక్కడు. నేను పనిచేసిన ఒక ఊరి మోతుబరి. ఇంట్లో పెళ్ళి, పశువులశాల కడిగించాలి, ఒక డబ్బా పంపించమ్మా అన్నాడు. తాగడానిక్కాదు లెండి. నేను ఇవ్వలేదు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

అందుకని ఆ పెద్దాయన మాట వట్టిదని కొట్టిపారేస్తున్నాననుకోకండి. ఊరికే వస్తోంది కదా అని పట్టుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. నేనే ఇచ్చాను. బీకాంప్లెక్స్ మాత్రంటే మావాళ్ళకి ప్రాణం. "ఆ పసుప్పచ్చ బిళ్ళలు రెండెక్కువ ఎయ్యమ్మా" అని అడగని చెయ్యి లేదు. ఎండాకాలం ఓఆర్‌ఎస్ పాకెట్లు పట్టుకెళ్ళి సర్బత్తులా కలుపుకుని తాగేవారు. ఒక ముసలాయన ప్రతి సోమవారం, అంటే సంత రోజున, ఒళ్ళునొప్పులని చెప్పి నాలుగు పారాసెటమాల్ పట్టుకుని వెళ్ళేవాడు. ఆయనకి నొప్పి లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. సంతకొచ్చాడు, చెట్టు కింద బెంచీ ఉంది, పలకరించే మొహాలు నాలుగున్నాయి, వచ్చాడు. ఆ నాలుగు మాత్రల ఖరీదు అప్పట్లో రూపాయి ఉంటుందేమో. ఈ దేశం ఆ రూపాయి దగ్గర దివాలా తీస్తుందంటే నేను నమ్మను.

అసలు నాకు చాలా కాలం అర్థం కాని సంగతి ఒకటుంది. గ్యాస్ మాత్రలు, నొప్పికి రాసే జెల్ గొట్టాలు మొదటి నెలలోనే అయిపోయేవి. మాకు మందులు మూడు నెలలకోసారి, మేం రాసి పంపిన ఇండెంటు మీద శ్రీకాకుళం సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి వచ్చేవి. లారీ దిగిన వారం జనం పండగకొచ్చినట్టు వచ్చేవారు. మూడో నెల వచ్చేసరికి కిటికీ దగ్గర నేను, ఖాళీ అట్టపెట్టెలు. "చూశారా, ఊరికే అనగానే దోచుకుపోతున్నారు" అని మా స్టాఫే అనుకునేవాళ్ళం. నేనూ అన్నాను.

తరవాత ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, అప్పుడే చదువు ముగించి వచ్చింది. ఆమె వచ్చిన ఏడు ఎందుకో స్టాకు కూడా సక్రమంగా వచ్చింది. బీపీ వాళ్ళకి, సుగరు వాళ్ళకి వారం మాత్రలు కాకుండా 30 రోజులవి ఒకేసారి రాయడం మొదలుపెట్టింది. నేను భయపడ్డాను. అమ్మేసుకుంటారు, పారేస్తారు అన్నాను. "చూద్దాం లెండమ్మా" అంది. నాలుగో నెలకి జెల్ గొట్టాలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఎక్కువ వెయ్యమని బతిమాలేవాళ్ళు తగ్గిపోయారు. రోజుకి 120 దాకా ఉండే ఓపీ 90కి వచ్చింది. కుళాయి రేపు వస్తుందో రాదో తెలీని వీధిలో చెంబులతో సహా అన్నీ నింపుకుంటారు. నీళ్ళు ఊరికే వస్తున్నాయని కాదు, రేపు రావేమోనని. కుళాయి రోజూ వస్తే రెండు బిందెలతో సరి. మా కిటికీ దగ్గర ఏళ్ళ తరబడి నేను చూసింది ఆ బిందెలు నింపుకోవడమే.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఓపీ 90కి పడిపోయిందని పైనుంచి ఫోను వచ్చింది, ఆసుపత్రి సరిగ్గా నడవడం లేదా ఏమిటని సంజాయిషీ అడుగుతూ. జనం ఎక్కువొస్తే అతిగా వాడుతున్నారంటారు, తక్కువొస్తే మేం పనిచెయ్యడం లేదంటారు.

ఇక ఆ 20 రూపాయల చీటీ. ఈ ప్రయోగం మా దగ్గర జరిగిపోయింది. ఊరి పేరు, కాలం చెప్పను, అందులో ఉన్నవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. పైనుంచి ఆర్డరేమీ లేదు. ఊరి పెద్దలు కూడబలుక్కుని ఆసుపత్రి బాగు కోసమని చీటీకి 2 రూపాయలు పెట్టారు. రెండంటే రెండే. ఓ బల్ల, ఓ కుర్రాడు, ఓ రేకు డబ్బా. నాలుగు నెలలు నడిచింది. మొదటి నెలలో ఓపీ మూడో వంతు తగ్గింది. పెద్దలు సంతోషించారు, చూశారా ఉత్తుత్తి రోగులు పోయారని.

పోయినవాళ్ళెవరో తెలుసుకోవాలంటే నా రిజిస్టరు చూడాలి. నేను చూశాను. సోమవారం ముసలాయన పోలేదు, సంతలో రెండు రూపాయలు ఆయనకి ఏపాటి? పశువులశాల మోతుబరి పోలేదు. పైగా "డబ్బు కట్టాం కదా" అని ఒక జెల్ గొట్టం బదులు రెండు దబాయించి తీసుకునేవాడు. బీకాంప్లెక్స్ అభిమానులు పోలేదు. పోయింది బీపీ ముసలమ్మలు. బీపీకి నొప్పి లేదు, దురద లేదు, మాత్ర మానేస్తే ఆ పూటకి ఏమీ కాదు. కొడుకునో కోడలినో రెండు రూపాయలడగడానికి నామోషీ. ఇంకా, చంటిపిల్లల తల్లులు పోయారు. జ్వరం రెండో రోజుకి తెచ్చేవాళ్ళు ఐదో రోజుకి తెచ్చారు. ఆ నాలుగు నెలల్లో పక్షవాతం వచ్చి మంచం పట్టిన ఒక ముసలమ్మ పేరు నా రిజిస్టర్లో అంతకుముందు మూడేళ్ళుగా ఉంది. ఆ రెండు రూపాయల వల్లే ఆమెకి అలా అయిందని చెప్పడానికి నేను డాక్టర్ని కాను. ఆ నాలుగు నెలల్లో ఆమె గళ్ళు ఖాళీగా ఉన్నాయని మాత్రం చెప్పగలను.

డబ్బా ఎత్తేశారు. ఎందుకంటే, కుర్రాడి జీతానికి ఆ రూపాయలు చాల్లేదు!

మా చిన్నమ్మాయి విశాఖలో ఎకనామిక్స్ చదివే రోజుల్లో సెలవులకొచ్చినప్పుడు ఈ కథ చెబితే పకపకా నవ్వింది. "అమ్మా, నువ్వు చేసింది అమెరికాలో ఎనిమిదేళ్ళు, కోట్ల డాలర్లు పెట్టి చేశారు" అంది. రాండ్ అనే సంస్థ 1974 నుంచి 1982 దాకా రెండు వేల పైచిలుకు కుటుంబాలని లాటరీ తీసినట్టు గుంపులు చేసింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం. కొందరు బిల్లులో నాలుగో వంతు, కొందరు సగం, కొందరైతే ఒక హద్దు దాకా 95 శాతం చేతినుంచి పెట్టుకోవాలి. 95 శాతం కట్టినవాళ్ళ వైద్యపు ఖర్చు ఉచితంవాళ్ళ కంటే సుమారు 30 శాతం తక్కువ తేలింది. మన బ్యాంకు పెద్దాయన చెప్పింది అక్కడిదాకా నిజమే, ఉచితమైతే ఎక్కువ వాడతారు. మామూలు మనిషి ఆరోగ్యంలో రెండు గుంపులకీ పెద్ద తేడా కూడా కనపడలేదు. ఆయన ఈ ముక్క చదివి సంతోషించవచ్చు.

కానీ తగ్గినవేమిటంటే, పనికిమాలిన వైద్యమూ తగ్గింది, పనికొచ్చే వైద్యమూ అంతే తగ్గింది. చీటీ ధర మనిషిని చూస్తుంది గానీ జబ్బుని చూడదు. ఇంకొకటి, తేడా కనపడలేదన్నది మామూలు మనిషి విషయంలోనే. పేదవాళ్ళలో, అందులోనూ బీపీ ఉన్నవాళ్ళలో తేడా కనపడింది. ఉచితంగా దొరికినవాళ్ళ బీపీ అదుపులో ఉంది. అదే ముసలమ్మ, అదే ఖాళీ గడి. నా రిజిస్టరు చూపిస్తే చాలదా అన్నాను. "నీ రిజిస్టర్ని ఎవరమ్మా ప్రచురిస్తారు" అంది. ఇప్పుడు మీరు ప్రచురిస్తే దానికి చూపిస్తాను.

ఉచితం అనే మాట మీద కూడా నాకు పేచీ ఉంది. మందుల కిటికీ అంటే మోచెయ్యి పట్టేంత కంత. అందులోంచి మొహం కంటే ముందు చెయ్యి కనిపిస్తుంది. ఆఖరి పదకొండేళ్ళూ నేను చేసింది ఉద్దానం వైపు, పలాసకి దగ్గర్లో. జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూసి ఎవరు ఎన్నేళ్ళుగా ఆ పనిలో ఉన్నారో చెప్పేదాన్ని. జీడి నూనె తగిలి వేళ్ళ కొసలు నల్లగా మాడి, తోలు పెచ్చులు లేచి ఉంటుంది. ఆయింట్‌మెంట్ కోసం వచ్చేవారు. ఒక అప్ప ఉండేది, తెచ్చే చీటీ ఒకటి, అడిగే గొట్టాలు మూడు.

"ఓలమ్మా, నా పక్కన కూకునే గుంటకి సెయ్యి ఇంకా గోరంగా ఉన్నాది. అదీ వొచ్చిందంటే దాని కూలీ పోతాది గదా. మరోటి ఇయ్యమ్మా."

ఒక చీటీకి ఒక గొట్టం, రూలు రూలే అని మొదట్లో కసిరేదాన్ని. తరవాత ఒకరోజు ఖాళీగా కూర్చుని లెక్క కట్టాను. షేరు ఆటోకి పోనూ రానూ 40. సగం రోజు కూలి 150. నేను ఊరికే ఇచ్చాననుకుంటున్న గొట్టం ఆమెకి 190 పడుతోంది. ముగ్గురూ వస్తే 570. ఒకరొచ్చి మూడు పట్టుకెళ్తే 190. బ్యాంకులో పనిచేసినాయనకి ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. ఆయన లేఖ ప్రకారం ఇది దుర్వినియోగం. ఆడిటుకొచ్చినాయన ప్రకారం కూడా. నేను మాత్రం ఆ తరవాత మూడు గొట్టాలూ ఇచ్చాను, రిజిస్టర్లో మూడు పేర్లు రాశాను. పెన్షన్ ఆపితే ఆపండి.

ఇప్పుడు ఆటో 40 కాస్తా పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సులో టికెట్టుకి డబ్బుల్లేవు. అప్పట్నుంచి టెక్కలి బస్సు కాంప్లెక్సులో ఇదే పాట, పనీపాటా లేకుండా తిరుగుతున్నారని. నేను వారానికోసారి ఆ బస్సు ఎక్కుతాను. ఆసుపత్రి చీటీల ప్లాస్టిక్ సంచి లేని సీటు వరస ఒక్కటి చూపించండి. సంచి లేనివాళ్ళు పుట్టింటికి వెళ్తున్నారు. అది పని కాదంటారా?

చదువు సంగతి మా ఆయన రాయాలి. ఆయన మెళియాపుట్టి మండలంలో పంతులుగా చేసి రిటైరయ్యారు. రాయమంటే బద్ధకించి నాకు చెబుతూ కూర్చున్నారు. మన రాష్ట్రంలో బళ్ళలో మధ్యాహ్న భోజనం 2003లో వచ్చింది. గుడ్డు పెట్టే రోజున హాజరు ఎక్కువ, మిగతా రోజుల్లో తక్కువ. పిల్లలు చెల్లెళ్ళని చంకనేసుకుని వచ్చేవారు. ఆ చెల్లెళ్ళు హాజరు పట్టీలో లేరు, అన్నం పంక్తిలో ఉన్నారు. అతివాడకం అంటే ఇంతకంటే రుజువేం కావాలి? వంట చేసే ఆవిడ ఒక గరిటె నీళ్ళు ఎక్కువ కలిపి పప్పు సరిపెట్టేది. అలా వచ్చిన ఒక పిల్ల ఒకటో తరగతిలో చేరేనాటికి ఎక్కాలు మా ఆయన కంటే బిగ్గరగా చెప్పేదట. అదే 2003లో ఆఫ్రికాలో కెన్యా దేశం ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేస్తే పిల్లలు ఒక్క ఏడాదిలో 59 లక్షల నుంచి 72 లక్షలయ్యారు. గదులు చాలలేదు, పంతుళ్ళు చాలలేదు. పైనొచ్చిన ఆ 13 లక్షలమందీ చదువుని అతిగా వాడుకున్నవాళ్ళా, అంతకుముందు ఫీజు కట్టలేక బయట నిలబడ్డవాళ్ళా? ఊరికే కదా అని పదో తరగతి రెండోసారి చదివినవాణ్ణి మా ఆయన తన సర్వీసులో చూడలేదు. చదివితే ఫెయిలై చదివాడు.

ఇంగ్లండులోనూ ఇంతే జరిగింది. అక్కడ 1948 జులై 5న వైద్యం అందరికీ ఉచితం చేస్తే కళ్ళజోళ్ళకీ కట్టుడుపళ్ళకీ జనం విరగబడ్డారు. ఖర్చు చూసి గుండె జారి 1951లో వాటికి డబ్బులు పెట్టారు, ఆ పథకం తెచ్చిన మంత్రి బెవన్ అలిగి రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది మందుల చీటీకి ఒక షిల్లింగు పెట్టారు. ఆ కళ్ళజోళ్ళ గుంపు దురాశతో వచ్చిందా? ఏళ్ళ తరబడి మసకలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి వచ్చారు. మా ఊళ్ళలో కంటి శిబిరం పెట్టినప్పుడు మొదటి ఏడు తోపులాట, మూడో ఏడు కుర్చీలు ఖాళీ. శుక్లం ఒక కంటికి ఒకసారే తీస్తారు మరి.

దోమతెరల సంగతి కూడా చెప్పాలి, నా మీద నాకే కోపం వచ్చిన సందర్భం అది. సర్వీసు మధ్యలో కొన్నేళ్ళు సీతంపేట ఏజెన్సీలో చేశాను. మలేరియా ఊళ్ళు. మందు పట్టించిన తెరలు ఊరికే పంచాం. ఒక సవర గూడెంలో ఒక తెర వంకాయ నారుమడి మీద కప్పి ఉంది. నేను అక్కడే అరిచాను, ఊరికే ఇస్తే ఇంతే అని, అచ్చం ఆ లేఖ రాసినాయనలాగే. ఇంటావిడ ఏమీ అనకుండా తలుపు తోసి చూపించింది. లోపల రెండో తెర కట్టి ఉంది, దాని కింద ముగ్గురు పిల్లలు. నారుమడి మీదున్నది చిరిగిపోయిన పాత తెర. పారెయ్యబుద్ధి కాలేదు ఆవిడకి. కెన్యాలోనే ఇద్దరు పరిశోధకులు, జెస్సికా కోహెన్, పాస్కలీన్ డుపా, గర్భిణులకి కొన్ని ఆసుపత్రుల్లో తెరలు ఊరికే ఇచ్చి, కొన్నిట్లో 60 సెంట్ల దాకా ధర పెట్టి చూశారు. 2010లో అచ్చయింది. ఆ కాస్త ధరకే తీసుకునేవాళ్ళు నూటికి 60 మంది తగ్గిపోయారు. కొనుక్కున్నవాళ్ళు ఎక్కువ శ్రద్ధగా వాడారా అంటే అదీ లేదు. ఊరికే పుచ్చుకున్నవాళ్ళూ అంతే వాడారు. ఇది కూడా మా చిన్నమ్మాయి పంపిందే. దానికి నా బుద్ధి తెలుసు.

అతివాడకం అసలు ఎక్కడుందో నన్నడిగితే, కిటికీకి ఇవతలి వైపు చూడమంటాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మనది ఒకటి. అనంతపురం, మహబూబ్‌నగర్ మిగతా రెండు. అప్పుడూ అన్నారు, ఇక జనం ఊరికే ఆపరేషన్లు చేయించుకుంటారని. సరదాకి గుండె కోయించుకునేవాడు ఉంటాడా? రోగికి ఏం చెయ్యాలో రోగి చెప్పడు. రాసేది డాక్టరు, కేసుకింత అని డబ్బు వచ్చేది ఆసుపత్రికి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే మన ఆంధ్రాలో దాదాపు 9 మంది. దేశంలో మనమే ముందున్నాం. ఇందులో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. పుస్తెలమ్మి చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. ముప్పై రెండేళ్ళ మనిషి తెల్లబట్ట అవుతోందని వెళ్ళి సంచి లేకుండా వచ్చింది. నా దగ్గరికి కాల్షియం మాత్రలకొచ్చినప్పుడు చెప్పింది, "ఉంచితే కేన్సరొస్తాదన్నారమ్మా" అని. ఆమె చేత 20 రూపాయల చీటీ కొనిపిస్తే ఇది ఆగేదా?

చదువులోనూ అంతే. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజినీరింగు కాలేజీలు ఎలా మొలిచాయో అందరం చూశాం. పిల్లలు ఎగబడ్డారని చెప్పుకుంటాం. మా పెద్దవాడు ఇంటరు పాసైన ఏడు మా వీధిలోకి ఒకే రోజు ముగ్గురు ఏజెంట్లు వచ్చారు. ఒకడు బస్సు ఫ్రీ అన్నాడు, ఒకడు ల్యాప్‌టాప్ ఇస్తామన్నాడు, ఒకడు మా ఆయన చేతిలో కవరు పెట్టబోయాడు. తలకింత అని సర్కారు డబ్బు వచ్చేచోట తలలు పోగుచేసేవాడు తయారవుతాడు. వాణ్ణి వదిలేసి తలల్ని తిడుతున్నాం.

డబ్బు పెట్టి కొనుక్కుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడతారని ఆయన రాశారు. ఉద్దానం వచ్చి చూడమనండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ నొప్పిమాత్రలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీకి చేటని మాత్రం ఫార్మసీ మొదటి ఏడాది పిల్లకి కూడా తెలుసు. నా కిటికీలో ఆ మాత్ర లెక్కపెట్టి మూడు రోజులకి ఇచ్చేవాళ్ళం, కిడ్నీ మనిషైతే అసలు ఇచ్చేవాళ్ళం కాదు. అదే మనిషి సాయంత్రం కొబ్బరితోట పని దిగి బడ్డీకొట్లో రూపాయో రెండో ఇచ్చి కొనుక్కుని మింగి పడుకునేవాడు. నీరసమని ఊళ్ళో డాక్టరు దగ్గర గ్లూకోజు సీసా ఎక్కించుకునేవాడు, 300 ఇచ్చి. దానికి ఎవరి దగ్గరా రిజిస్టరు లేదు.

డయాలసిస్ మాత్రం సర్కారు ఆసుపత్రిలో ఉచితం. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు. ఉచితం కదా అని నాలుగోసారి వెళ్ళినవాణ్ణి నేను వినలేదు. మూడోసారి మానేసినవాళ్ళని చూశాను, తోడొచ్చే మనిషికి కూలి పోతుందని. మా పక్క ఊరిలో ఒకాయన అలా రెండేళ్ళు తిరిగి పోయాడు. పోయిన పదిహేను రోజులకి ఆయన భార్య నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డమూట. విప్పితే బీపీ మాత్రలు, ఐరన్ మాత్రలు, ఇంకా రేకు చింపనివి. "మిగిలిపోనాయమ్మా. ఎవులికైనా పనికొస్తాయని తెచ్చినాను" అంది. నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఒకసారి బయటికిచ్చిన మందు వెనక్కి తీసుకోకూడదు, స్టాకు రిజిస్టర్లో దానికి గడి కూడా లేదు. తీసుకుని లోపల పెట్టాను. తేదీలు చూసుకున్నాను, బాగానే ఉన్నాయి. ఆ తరవాత ఏం చేశానో మీ పత్రికలో రాయను.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆసుపత్రుల్లో రద్దీ తగ్గాలంటే బీపీ, సుగరు మందులు నెలకి సరిపడా ఒకేసారి ఇవ్వండి. ఏ మందు ఉందో, ఏది లేదో, లేనిది ఎప్పుడొస్తుందో బయట బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. మా డాక్టరమ్మ చేసింది ఈ రెండే. ఆమె బదిలీ అయిపోయాక మళ్ళీ వారం మాత్రలకి వచ్చేశారు, ఓపీ మళ్ళీ 120 అయింది, పైనుంచి ఫోన్లు మానేశారు.

ఇప్పుడు నాకూ బీపీ ఉంది. పెన్షను మనిషిని, కొనుక్కోగలను. కానీ 34 ఏళ్ళు ఆ మందే చేత్తో ఇచ్చి ఇప్పుడు బజారుకెళ్ళి కొనడం మనసొప్పదు. అందుకని మా దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చీటీ రాయించుకుని, కంతకి ఇవతల నిలబడి చెయ్యి పెడుతున్నాను. కొత్త ఫార్మసిస్టు మర్యాద తెలిసిన కుర్రాడు, మేడమ్ అంటాడు. స్టాకు తక్కువ మేడమ్, పది రోజులకే ఇవ్వగలను అంటాడు. మళ్ళీ గురువారం వెళ్ళాలి. విజయనగరం పెద్దాయన లెక్కలో నేనూ నెలకి మూడుసార్లు ఎగబడే మనిషినే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.